సుక్కి ముందు అనని మాట

గౌలిపుర బీరయ్య తన బతుకును ఏండ్లతో లెక్కపెట్టడు, వరదలతో లెక్కపెడతాడు. పెండ్లెప్పుడయిందని అడిగితే, "రెండువేలల నీళ్లొచ్చినయ్ గద, దానికి ఆరేండ్ల ముంగట" అంటాడు. మూసీ పొంగి సగం పట్నాన్ని ఊడ్చుకుపోయిన తుగ్యానీ వరద నాటికి వాళ్ల తాత ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడట. అయినా ఆ కథను బీరయ్య కండ్లారా చూసినట్టే చెప్తాడు. నాలుగు బర్రెలు తాళ్లతో సహా కొట్టుకుపోయాయని, ఆ రోజు నుంచి వాళ్ల ఇంట్లో ఒక రివాజు పడిందని చెప్తాడు. నీళ్లు గడప తాకితే ముందు బర్రెల తాళ్లు కోయాలి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఇదేం న్యాయమయ్యా అంటే, "పిల్లలకు చేతులుంటయ్ సేటూ, ఏదన్న పట్టుకుంటరు. బర్రె మెడకు తాడుంటది" అని నా నోరు మూయించాడొకసారి.

నా నోరు మూయించడం అంత తేలిక కాదు. లాల్‌దర్వాజాలో నాకు చిన్న ప్రింటింగ్ షాపుంది. బోనాల ఫ్లెక్సీల నుంచి పెండ్లి కార్డుల దాకా అన్నీ వేస్తాను. నోటి దురుసు వల్ల సగం గిరాకీ పోగొట్టుకున్నవాణ్ని. ఇరవై ఏండ్లుగా మా ఇంటికి పాలు బీరయ్యవే. నీళ్లు కలపడని నేననను, అంటే ఆయనే ముందు నవ్వుతాడు.

ఆయన దగ్గర అందరికీ తెలిసింది గొంతు. గల్లీ మొదట్లో నిలబడి "పాలే" అని ఒక్క కేక వేస్తే చివరి ఇంటి మూడో అంతస్తులో గిన్నె చప్పుడయ్యేది. గంట కొట్టడం, తలుపు తట్టడం ఎరగడు. ఆ గొంతు ఒక్కసారి, అవసరమైన ఒకే ఒక్కసారి లేవలేదు. ఈ కథంతా దాని గురించే.

బీరయ్య, రాజమణి దంపతులకు పిల్లలు లేరు. ఆరు బర్రెలు, గల్లీ దిగువన నాలా అనే పెద్ద మురుగు కాలువకు ఆనుకొని ఒక కొట్టం, అదే వాళ్ల సంసారం. కొట్టం ఎదురుగా ఉన్న రెండు గదుల్లో సామ్యూల్ కుటుంబం కిరాయికి ఉండేది. సామ్యూల్ బస్సు డిపోలో మెకానిక్. ఆయన భార్య రూప ఇంట్లోనే మిషన్ మీద బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. వాళ్ల బిడ్డ స్వీటీ. నడక రాకముందు నుంచే ఆ పిల్ల కొట్టంలోనే పెరిగింది. బీరయ్యను పెద్దబాపు అని పిలుస్తుంది. ఆ పిలుపు ఆయన్ను ప్రపంచంలో ఇంకెవరూ పిలవరు.

సామ్యూల్ తండ్రిది దివిసీమ. డెబ్బయ్యేడు ఉప్పెనలో ఇంటిల్లిపాదీ పోతే, ఒక్కడే ఎవరిదో బర్రె తోక పట్టుకొని రాత్రంతా ఈది మిట్టకు చేరాడట. సముద్రం మొహం మళ్లీ చూడనని ఒట్టేసుకొని హైదరాబాదు వచ్చేశాడు. ఆయన పోయి చాలా కాలమైంది. సామ్యూల్ మాత్రం డ్యూటీ నుంచి వచ్చాక కొట్టం ముందు ఆగి, ఏదో ఒక బర్రె నుదురు నిమిరి గాని ఇంట్లోకి పోయేవాడు కాదు. "బర్రె లేకుంటె మా నాయిన లేడు, మా నాయిన లేకుంటె నేను లేను" అనేవాడు. బీరయ్యకు ఆ మాట మహా ఇష్టం.

రెండువేల ఇరవై అక్టోబరులో ఆ వాన పడింది. తెల్లవారి వెలుగు వచ్చిన వేళకు నాలా పొంగి గల్లీలోకి మళ్లింది. పైన చెరువు కట్ట తెగిందన్నారు కొందరు, తూము ఎత్తారన్నారు కొందరు. ఏదైతేనేం, పాలు పిండే వేళకు కొట్టంలోకి నీళ్లొచ్చాయి. సామ్యూల్ ఆ నీళ్లలో పోయాడు. కొట్టుకుపోతున్న దూడను పట్టబోయి పోయాడని గల్లీ అంతా చెప్పుకుంది. రెండు రోజుల తర్వాత శవం దొరికింది. ఇంటి ముందు పెట్టినప్పుడు రూప ఏడుపు ఆపి బీరయ్యను ఒకే మాట అడిగింది.

"దూడన్న బతికిందా అన్నా?"

"బతికింది బిడ్డా" అన్నాడు బీరయ్య. కొట్టంలో ఉన్న ఒక ఆడదూడను చూపించాడు.

ఆ దూడకు స్వీటీ గ్రేసీ అని పేరు పెట్టింది. రాజమణికి నోరు తిరగక గిరేసి అంటుంది. ఆ ఇల్లు పాడుబడిపోవడంతో రూప సంతోష్‌నగర్‌కు మారింది. బీరయ్య రోజూ అంత దూరం పోయి వాళ్లకు పాలు పోసి వస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక స్వీటీ గౌలిపుర వచ్చి గ్రేసీకి మేత వేస్తుంది. ఇప్పుడా పిల్లకు పన్నెండేండ్లు. గ్రేసీ ఈనింది కూడా. బర్రె తాతను కాపాడింది, నాన్న బర్రె బిడ్డను కాపాడాడు అని స్వీటీ బడిలో వ్యాసం రాస్తే బహుమతి వచ్చింది. ఏటా అక్టోబరులో రూప ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాస్టరు గారి ప్రసంగం ఎప్పుడూ అదే. "నోరులేని జీవి కోసం ప్రాణమిచ్చిన సామ్యూల్" అన్న వాక్యం ఏటా నేనే కార్డు మీద అచ్చు వేస్తాను.

పోయిన అక్టోబరుకు అయిదేండ్లు నిండాయి. రూప కార్డు వేయించడానికి వచ్చి, కింద ఇంకో వరుస కలపమంది. "సాక్ష్యం: శ్రీ బీరయ్య, గౌలిపుర."

"సాక్ష్యమంటే ఏందమ్మా, కోర్టా?" అన్నాను.

"అట్ల గాదు సారూ. మా కూడికలల్ల లేచి నిలబడి, తన కండ్ల ముంగట జరిగింది జరిగినట్టు చెప్తరు. ఆ దినం ఆయన్ను చూసింది బీరన్న ఒక్కడే గద. స్వీటీకి ఇప్పుడు బుద్ధి తెల్సింది. వాళ్ల నాయిన ఆఖరి ఘడియ ఆమె వినాలె."

సాయంత్రం పాలు పోయడానికొచ్చిన బీరయ్యకు ప్రూఫు చూపించాను. పేరు తప్పు పోకూడదని నా ఆరాటం. ఆయన చదువుకోలేదు. నేనే చదివాను. విని పాలక్యాను కింద పెట్టి, కస్టమర్ల స్టూలు మీద కూలబడ్డాడు.

"నా పేరు తీసెయ్ సేటూ."

"ఎందుకయ్యా?"

"అండ్ల నిలబడి అబద్ధం చెప్పలేను. నిజం చెప్తె వాళ్లు నాకు మిగలరు."

షట్టరు సగం దించాను. ఆయన చెప్పింది ఇక్కడ నా మాటల్లో చెప్తాను. ఆయన మాత్రం మధ్య మధ్య ఆగి, పాలక్యాను మూత బిగించి మళ్లీ విప్పుతూ చెప్పాడు.

ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో సుక్కి ఈనింది. సుక్కి వాళ్ల బర్రెల్లోకెల్లా పాలబర్రె, నుదుట తెల్ల చుక్క. పుట్టిన మూడో రోజే దూడ చచ్చింది. దూడ కనబడకపోతే బర్రె పాలు చేపదు, కిందికి వదలదు. అందుకని పాతకాలం నుంచి గౌలిపురలో చేసే పనే చేశాడు బీరయ్య. చచ్చిన దూడ తోలు ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి, కర్రలు గుచ్చి నిలబెట్టి కుట్టించాడు. పాలు పిండే వేళ దాన్ని సుక్కి ముందు పెడితే నాకుతూ పాలిచ్చేది. దూడ చచ్చిన సంగతి బయట ఎవరికీ, ఎదురింటి సామ్యూల్‌కు కూడా, చెప్పలేదు. పిండడం కాగానే బొమ్మను గోనె కింద దాచేసేవాడు. పాడి పోయిన మాట బయట చెప్పుకుంటే మిగతా పాడి కూడా పోతుందని వాళ్ల భయం.

దానికి ఇంకో పట్టింపు ఉంది. బర్రె ముందు ఆ బొమ్మను గడ్డి అనకూడదు, తోలు అనకూడదు, దూడ చచ్చిందన్న మాట అసలే ఎత్తకూడదు. వింటే బర్రె పాలు ఎగబెడుతుంది, మళ్లీ ఇవ్వదు. చిన్నప్పుడు ఒకసారి నోరు జారినందుకు బీరయ్యకు వాళ్లమ్మ చెంప పగలగొట్టిందట. చీపురుకట్ట తిరగేసి మూతి మీద కూడా వేసిందట. పిచ్చి నమ్మకమే. నవ్వుదామనుకున్నాను గాని, చీకటి పడ్డాక పామును పురుగు అని తప్ప పాము అనని అమ్మ కడుపున పుట్టినవాణ్ని నేను. ఇప్పటికీ నా నోటికి ఆ మాట రాత్రిపూట రాదు.

వరద వచ్చిన ఆ తెల్లవారి సుక్కి ముందు గడ్డిదూడను పెట్టి పిండుతున్నాడు. నీళ్లు మడమలకు తగిలాయి, అంతలోనే మోకాళ్లకు వచ్చాయి. తాతల నాటి రివాజు ప్రకారం కత్తి తీసి ఆరు తాళ్లూ కోశాడు. అయిదు బర్రెలు, వాటి వెంట ఒక ఆడదూడ, రాజమణి అదిలిస్తే గల్లీ ఎగువకు పోయాయి. సుక్కి కదల్లేదు. దాని దూడ అక్కడే ఉంది కదా. ఈలోగా నీళ్లు బొమ్మను లేపాయి. తలుపు దాటి నాలా వైపు తేలిపోయింది. సుక్కి అరుస్తూ దాని వెంట పోబోయింది. బీరయ్య కొమ్ము పట్టుకొని వేలాడాడు.

ఎదురు గోడ మీదికి సామ్యూల్ ఎక్కాడు. నీళ్లలో తల పైకి పెట్టుకొని పోతున్న దూడను చూశాడు. "బీరన్నా, దూడ! నేన్ పట్టుకుంట!" అని కేకేసి చొక్కా విప్పాడు. బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు.

"మస్తు టైముండె సేటూ" అన్నాడు బీరయ్య. "అది గడ్డిది తమ్మీ, వద్దు అనాలె, గంతే. నా గొంతు నీకెర్కనే. సుక్కి చెవి నా నోటి కాడ్నే ఉన్నది. నాలిక లేవలే. సోంచాయించి, లెక్కేసుకొని ఊకున్నననుకుంటున్నవా? సోంచాయించలే. అదే లేవలే. మా అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం పెట్టినట్టే అయింది."

సామ్యూల్ దూకాడు. మంచి ఈతగాడే. బొమ్మను అందుకున్నాడు.

"చెయ్యేసినంక తెల్సింది ఆయనకు. బరువుండదు గద. వెనుకకు తిరిగి నా దిక్కు చూసిండు. గప్పుడు ఒర్రిన సేటూ, గప్పుడు గల్లీ అంత ఇనేటట్టు ఒర్రిన. నీళ్లు ఆయన్ను నాలా కాడికి గుంజుకపోయినయ్."

నేను సలహా ఇవ్వడంలో వెనకడుగు వేసేవాణ్ని కాదు. అప్పుడు ఇచ్చింది మాత్రం పనికిమాలిన సలహా. "జ్వరమొచ్చిందని పండుకో, కూడిక అయిపోతుంది" అన్నాను. చెప్తూనే సిగ్గనిపించింది.

బీరయ్య నా సలహా విననట్టే క్యాను అందుకొని లేచాడు. "పొల్ల వాళ్ల నాయిన గురించి బడిల గట్ల రాసింది సేటూ. నేను చేసిన కత మీద రాసింది" అన్నాడు. పేరు కార్డులో ఉంచమనీ అనలేదు, తీసెయ్యమనీ మళ్లీ అనలేదు. నేను ఉంచాను.

మర్నాడు రాజమణి నేరుగా షాపుకొచ్చింది. ఎప్పుడూ కొంగు సర్దుకొని గాని మాట్లాడని మనిషి, ఆ రోజు వస్తూనే అందుకుంది.

"నిజం చెప్త అంటున్నడు సారూ. నిజం చెప్పి ఎవల్ని బతికిస్తడు? సామ్యూల్ లేచొస్తడా? ఆ పోరి మా గుమ్మం తొక్కుడు బందయితది, గంతే అయితది. అయిదేండ్ల సంది ఆదివారం కోసమే కూసుంట నేను. ఇంత కూర ఎక్కువ వండుత. మీరన్న చెప్పుండ్రి."

"నేను చెప్పినమ్మా. వినలేదు."

"ఆయనకు నిద్ర లేదు, నాకెర్కనే. నాకు మాత్రం ఉన్నదా?" అని అక్కడే స్టూలు మీద కూర్చొని ఏడ్చింది. చివరికి కండ్లు తుడుచుకొని, "సరే. పోయేడ్సనియ్యి. ఒక్కణ్ని తోలకుండ్రి, మీరు తోడు పోండ్రి. నేన్ రాను. ఆ పొల్ల మొకం నేన్ చూడలేను" అన్నది.

ఆదివారం మధ్యాహ్నం సంతోష్‌నగర్‌లో రూప ఇంటి ముందు షామియానా వేశారు. ముప్పయి మంది దాకా ఉన్నారు. డిపో నుంచి సామ్యూల్ స్నేహితులు వచ్చారు. బీరయ్య తెల్ల పంచె కట్టుకొచ్చాడు. స్వీటీ ఎదురొచ్చి చెయ్యి పట్టుకొని ముందు వరుసలో కూర్చోబెట్టింది. "పెద్దబాపూ, భయపడకు. మైకు నోటికి దగ్గర పెట్టుకోవద్దు, నీ గొంతుకు పగిలిపోతది" అని నవ్వింది. నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. తోడొచ్చానన్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నాను.

పాట అయింది. పాస్టరు గారు ఏటా చెప్పే నాలుగు మాటలూ చెప్పి బీరయ్యను పిలిచారు. బీరయ్య మైకు తీసుకోలేదు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా రూపా, నువ్వు ఆనాడు నన్ను దూడ బతికిందా అని అడిగితివి. బతికింది అన్న. అది అబద్ధం. అసలు దూడనే లేదు."

ఆ తర్వాత అంతా చెప్పాడు. నాకు షాపులో చెప్పినప్పుడు ఆగినట్టు ఎక్కడా ఆగలేదు. గడ్డి సంగతి, బర్రె ముందు అనకూడని మాట సంగతి, గోడ మీద సామ్యూల్ చొక్కా బొత్తాలు విప్పిన సంగతి చెప్పాడు. సామ్యూల్ వెనక్కి తిరిగి చూసిన చూపు కూడా దాచలేదు. అదొక్కటైనా దాస్తాడనుకున్నాను. గ్రేసీ వేరే బర్రె దూడ అనీ, అది గల్లీ ఎగువకు తన కాళ్ల మీద తానే పోయిందనీ చెప్పాడు. మామూలుగా ఎవరన్నా సాక్ష్యం చెప్తుంటే మధ్యలో "స్తోత్రం" అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు. పాస్టరు గారు బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

రూప కుర్చీలోంచి లేవలేదు. "ఎంతసేపు అన్నా?" అన్నది.

బీరయ్యకు అర్థం కాలేదు.

"నువ్వు ఊకున్నది. ఎంతసేపు?"

బీరయ్య తన చొక్కా మీద చెయ్యి పెట్టి పై బొత్తం విప్పాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఒక్కొక్కటి తొందర లేకుండా విప్పాడు. అయిదు బొత్తాలయ్యాక చేతులు దించాడు. "గింత సేపు" అన్నాడు.

డిపో వాళ్లలో ఒకడు లేచి బీరయ్య మీదికి రాబోయాడు. పక్కవాళ్లు ఆపారు. అప్పటిదాకా స్వీటీ తల వంచుకొని కూర్చుంది. ఏడవడం లేదు. బడిలో లెక్క అర్థం కాని పిల్లలా నొసలు ముడిచింది.

"పెద్దబాపూ, సుక్కి తర్వాత పాలిచ్చిందా?"

బీరయ్య ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. ఆ సంగతి నాకు కూడా చెప్పలేదు.

"ఇయ్యలే బిడ్డా" అన్నాడు. "ముంగట దూడ లేదు గద. ఆ సాయంత్రం సంది పాలు ఎగబెట్టింది. వారానికల్ల వట్టిపోయింది."

"మరి నువ్వు దేనికి ఊకున్నవ్?"

బీరయ్య విప్పిన చొక్కా అంచులను దగ్గరకు లాక్కున్నాడు. స్వీటీ జవాబు కోసం ఆయన మొహంలోకి చూస్తూనే ఉంది. రూప లేచి బిడ్డ రెక్క పట్టుకొని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. నేను బీరయ్య చొక్కా బొత్తాలు పెట్టి, చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల ముందు వేశాను.